రక్తము చెప్పు సాక్ష్యము

సాయంకాలము వఱకు పొలముగట్లపై దిరిగి, రాత్రి భోజనమైన పిదప వీథియరుగుమీద నలుగురితో ముచ్చటించి, నిశ్చింతగా బండుకొనిన మనుష్యుడు తెల్లవాఱుసరికి లేకుండుట మీలో ననేకులు చూచియే యుందురు. "నిన్నటివఱకు రాయివలె నుండెనే! తలనొప్పి యనియైన నెఱుగడే!" యని బంధువు లాశ్చర్యపడుదురు. ఆయువు తీఱినదని యొకరు, దృష్టి తగిలినదని యొకరు సమాధానము చెప్పుకొందురు. ఇది యెక్కడనో జరుగు వింత కాదు. 2003, 2004 సంవత్సరములలో ఉభయగోదావరి జిల్లాలలోని 45 గ్రామములయందు సంభవించిన మరణములకు కారణము లెవ్వియని పరిశోధకులు ఆ యా కుటుంబముల నడిగి విచారింపగా, నూటికి 32 మరణములు గుండెకును రక్తనాళములకును సంబంధించిన వ్యాధులవలన గలిగినవని తేలినది. పట్టణవాసులకును ధనికులకును మాత్రమే వచ్చు రోగమని మనము తలచినది మన గడప దాటి లోనికే వచ్చి కూర్చున్నది.

కావున నేటి ప్రసంగమున నొక ప్రశ్నను విచారింతము. పైకి ఆరోగ్యవంతుడుగా గన్పట్టు పురుషుని దేహములో కీడు మూడుచున్నదని ముందుగా దెలుపు గుర్తు రక్తములో నేమైన గలదా? గలదేని దాని మాట నెంతవఱకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నకు సమాధానము ఒక్క దినమున దొరకినది కాదు. దాని చరిత్ర రెండువేల యేండ్లది.

మొదట శోథ యనగా నేమో చెప్పుకొందము. కాలిలో ముల్లు విఱిగినచో ఆ చోటు ఎఱ్ఱబాఱును, వేడెక్కును, వాచును, సలుపును. ఈ నాలుగు లక్షణములను రోమకదేశమున సెల్సస్ అను గ్రంథకర్త సుమారు రెండువేల యేండ్లక్రిందట వ్రాసియుంచెను. మన ఆయుర్వేదమును వ్రణశోథమును గూర్చి విపులముగా జెప్పినది. శోథ దేహమునకు శత్రువు కాదు. చొరబడిన శత్రువుతో దేహము చేయు యుద్ధము. యుద్ధము ముగిసిన వెంటనే సైన్యము మరలిపోయినచో క్షేమము. శత్రువు పోక, సైన్యమును మరలక, యుద్ధము నివుఱుగప్పిన నిప్పువలె సంవత్సరములకొలది సాగినచో, ఊరే పాడగును.

పూర్వము ఐరోపాఖండమున జ్వరము వచ్చినవాని నరము కోసి రక్తము దీయుట సామాన్యచికిత్సగా నుండెను. ఆ రక్తమును గిన్నెలో నుంచి వైద్యులు పరికించెడివారు. ఆరోగ్యవంతుని రక్తము ఇంచుమించు అంతటను నెఱ్ఱగానే గడ్డకట్టును. తీవ్రమైన శోథతో బాధపడువాని రక్తముపై మాత్రము తెల్లని మీగడవంటి పొర యేర్పడును. ఎఱ్ఱకణములు గడ్డకట్టుటకు ముందే వేగముగా నడుగునకు దిగిపోవుటయే దీనికి గారణమని తరువాత దెలిసినది. కారణ మెఱుగకపోయినను, లోపలి శోథ రక్తములో గన్పట్టునని ఆ పాతకాలపు వైద్యులు గ్రహించిరి. ఇదియే మన కథకు నాంది.

ఆ తెల్లపొరను శ్రద్ధతో బరిశీలించినవారిలో జాన్ హంటరు అను ఆంగ్లదేశపు శస్త్రవైద్యు డొకడు. ఆయన 1728వ సంవత్సరమున స్కాట్లండులో జన్మించి, లండనునగరమున గొప్ప కీర్తి నార్జించెను. రక్తమును, శోథను, తుపాకిగాయములను గూర్చి యొక మహాగ్రంథమును రచించెను. కాని ఆ గ్రంథకర్తకే ఱొమ్మునొప్పి యుండెను. కోపము వచ్చినపుడెల్ల ఱొమ్ము పట్టివైచినట్లయ్యెడిది. తన ప్రాణము తనకు కోపము దెప్పింపగల యే దుష్టుని చేతిలోనైన నున్నదని ఆయన యనుచుండెడివాడని ప్రతీతి. 1793వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన నొక వైద్యశాలాసభలో వాగ్వాదము జరిగెను. హంటరు లేచి ప్రక్కగదిలోనికి బోయి, అచటనే కూలి మరణించెను. శవమును పరీక్షింపగా గుండెకు రక్తము నిచ్చు ధమనులు ఎముకవలె గట్టిపడియుండెను. ఆయన గ్రంథము మఱుసటి సంవత్సరము 1794లో ప్రకటితమయ్యెను. శోథను గూర్చి నాడు ఎల్లరికంటె నెక్కువ యెఱిగిన యా మహనీయుడు తన్ను జంపినరోగమునకును తాను వ్రాసిన విషయమునకును సంబంధ ముండవచ్చునని యెఱుగకయే పోయెను.

ఆ సంబంధమును మొట్టమొదట గట్టిగా జెప్పినవాడు జర్మనుదేశీయుడగు రుడాల్ఫ్ విర్కో. గట్టిపడిన ధమనుల గోడలను సూక్ష్మదర్శినిలో జూచి, ఇది గోడలోపల జరుగు శోథయే యని 1856లో వ్రాసెను. వియన్నానగరపు పండితుడగు రొకిటాన్స్కీ దీని నంగీకరింపలేదు. రక్తములోని పదార్థములు గోడకు బేరుకొనుటయే మూలమనియు, శోథ దాని వెనుక వచ్చునదనియు ఆయన వాదము. 1913లో రష్యాదేశమున అనిచ్కోవ్ అను యువవైద్యుడు కుందేళ్ళకు కొలెస్టరాలు అను క్రొవ్వుపదార్థమును మేపి, వాని ధమనులలో మనుష్యులకు వచ్చునట్టి పూడికలనే పుట్టించెను. 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హాము అను పట్టణమున 5,209 మంది స్త్రీపురుషులను జేర్చుకొని యారంభించిన దీర్ఘపరిశీలన, కొలెస్టరాలు, రక్తపుపోటు హెచ్చుగా నున్నవారికి గుండెజబ్బు హెచ్చుగా వచ్చునని నిరూపించెను. ఇట్లు పూడికవాదము గెలిచినది, శోథావాదము మూలబడినది.

ఈలోపల రక్తపరీక్షలు వేఱొక త్రోవను బెరుగుచుండెను. 1897లో పోలెండు వైద్యుడగు బియెర్నాట్స్కీ, రక్తమును గాజుగొట్టములో నిలిపి ఎఱ్ఱకణము లెంతవేగముగా దిగునో కొలిచెను. 1918లో స్వీడనుదేశీయుడగు ఫోరియస్, 1921లో వెస్టర్‌గ్రెన్ దీనిని స్థిరపఱచిరి. మన వైద్యశాలలలో నేటికిని చీటిపై వ్రాయు ఈ.యస్.ఆర్. పరీక్ష యిదియే. శోథ యున్నపుడు రక్తములో ఫైబ్రినోజను అను మాంసకృత్తు పెరుగును. దానివలన ఎఱ్ఱకణములు నాణెముల దొంతివలె నొకదానిపై నొకటి యంటుకొని బరువెక్కి త్వరగా దిగును. పాతవైద్యులు గిన్నెలో జూచిన తెల్లపొర రహస్య మిదియే.

1930లో న్యూయార్కునగరమందలి రాకుఫెల్లరు వైద్యశాలలో టిల్లెటు, ఫ్రాన్సిసు అను నిరువురు వైద్యులు న్యుమోనియారోగులను పరిశోధించుచుండిరి. ఆ రోగమునకు గారణమగు సూక్ష్మజీవినుండి వా రొక పదార్థమును విడదీసి, దానికి 'సీ' యను నక్షరము పేరిడిరి. రోగి రక్తద్రవములో దానిని గలిపినచో తెల్లగా విఱిగెను. రోగి కోలుకొనిన పిదప అట్లే కలిపినచో విఱుగలేదు. సాధారణముగా రోగము తగ్గిన పిమ్మట దేహమున రక్షణశక్తి పెరుగును. ఇది మాత్రము రోగముతోనే వచ్చి రోగముతోనే పోవుచుండెను. పైగా న్యుమోనియా కాక యితర తీవ్రరోగము లున్నవారి రక్తముకూడ నిట్లే విఱిగెను. 1941లో ఆవరీయు నాయన సహచరులును ఆ విఱిచెడి పదార్థ మొక మాంసకృత్తని నిశ్చయించిరి. 'సీ'తో ప్రతిచర్య జరుపునది కావున దానికి సీ-రియాక్టివ్ ప్రోటీను అను పేరు నిలిచినది. 1947లో మెకార్టీ దానిని స్ఫటికరూపమున వేఱుచేసెను.

ఈ పదార్థమును దయారుచేయునది కాలేయము. దేహములో నెక్కడ శోథ పుట్టినను అచటి కణములు ఇంటర్‌ల్యూకిను-6 అను సందేశపదార్థమును రక్తములోనికి విడుచును. పొలిమేరలో దొంగలు పడిరని తలారి వచ్చి చెప్పినట్లు ఆ వార్త కాలేయమునకు జేరును. వెంటనే కాలేయము సీ-రియాక్టివ్ ప్రోటీనును విస్తారముగా బుట్టించును. తీవ్రరోగములో నది వేయిరెట్లు గూడ పెరుగవచ్చును. శోథ చల్లారినచో కొలదిదినములలోనే తగ్గిపోవును.

బహుకాలము దీనిని పెద్దజ్వరములకును కీళ్ళవాతమునకును గుర్తుగానే వాడిరి. నాటి పరీక్షలు మోటువి. ధాన్యపుబస్తాలు తూచు కాటాతో మంగళసూత్రపు బంగారమును దూచ వశమగునా? ఆరోగ్యవంతుల రక్తములో నుండు స్వల్పభేదములు ఆ పరీక్షలకు గన్పడలేదు. సూక్ష్మమైన పరీక్షలు వచ్చిన పిదపనే గుండెవైపు దృష్టి మరలినది.

అప్పటికి వైద్యులను బాధించుచున్న సందేహ మొకటి యుండెను. కొలెస్టరాలు హెచ్చుగా లేనివారును గుండెపోటుతో మరణించుచుండిరి. కొలెస్టరాలు మాత్రమే దోషి యైనచో వీరి నెవరు జంపినట్లు? స్వీడనుదేశమున గోటెన్‌బర్గు నగరములో 1913వ సంవత్సరమున బుట్టిన పురుషులను 792 మందిని 54వ యేట బరీక్షించి, పదుమూడేండ్లకు పైగా గనిపెట్టిచూచిరి. ఫైబ్రినోజను హెచ్చుగా నున్నవారికి గుండెపోటును పక్షవాతమును హెచ్చుగా వచ్చెనని 1984లో ప్రకటించిరి. 1994లో రోమునగరపు వైద్యులు, ఱొమ్మునొప్పి ముదిరి వైద్యశాలకు వచ్చినవారిలో సీ-రియాక్టివ్ ప్రోటీను హెచ్చుగా నున్నవారికి అపాయము హెచ్చని కనుగొనిరి. మూలబడిన విర్కోవాదము మరల వెలుగులోనికి వచ్చెను.

కాని గుండెపోటు వచ్చినవానిలో శోథ యున్నదనుట చాలదు. గాయపడిన గుండెయే శోథను బుట్టించి యుండవచ్చును గదా! ఇల్లు కాలిన పిమ్మట పొగ చూచి యేమి లాభము? కాలకముందే పొగ వచ్చెనా యని తెలియవలెను. దీనికి సమాధాన మనుకోని చోట దొరకెను.

1982లో అమెరికాదేశమున 40 మొదలు 84 ఏండ్ల ప్రాయముగల 22,071 మంది పురుషవైద్యులు తమ దేహములనే పరిశోధనకు సమర్పించిరి. దినము మార్చి దినము కొందఱు ఆస్పిరిను బిళ్ళను, కొందఱు దానిని బోలిన యుత్తబిళ్ళను మ్రింగిరి. ఎవరు దేనిని మ్రింగుచున్నారో వారికి దెలియదు. ఆస్పిరిను మ్రింగినవారిలో గుండెపోట్లు నూటికి 44 వంతులు తగ్గెనని 1989లో దేలినది. అయితే ఆ పరిశోధకుల దూరదృష్టి యేమనగా, పరిశోధన మొదలుపెట్టకముందే 14,916 మంది వైద్యుల రక్తమును దెప్పించి, సున్నకు దిగువ 80 డిగ్రీల చలిలో గడ్డకట్టించి దాచియుంచిరి. ఆ గొట్టములు మూగసాక్షులవలె సంవత్సరములకొలది వేచియుండెను.

తరువాత రిడ్కరు అను బోస్టనువైద్యుడును, ఆయన సహచరులును ఆ గొట్టములను వెలికిదీసిరి. వ్యాధి పాలైన 543 మంది రక్తమును, అదే వయస్సును పొగత్రాగు నలవాటును గలిగి వ్యాధి లేకుండిన 543 మంది రక్తముతో బోల్చిరి. వ్యాధిగ్రస్తులలో 246 మందికి గుండెపోటు, 196 మందికి పక్షవాతము, 101 మందికి సిరలలో రక్తము గడ్డకట్టుట సంభవించియుండెను. రక్త మిచ్చిననాడు వీరెల్లరును ఆరోగ్యవంతులే. 1997లో ప్రకటించిన ఫలిత మిది. సీ-రియాక్టివ్ ప్రోటీను పరిమాణమునుబట్టి వారిని నాలుగు వరుసలుగా జేసినచో, పైవరుసవారికి క్రిందివరుసవారికంటె గుండెపోటు ఇంచుమించు మూడురెట్లు, పక్షవాతము రెండురెట్లు వచ్చియుండెను. సిరల వ్యాధికి మాత్రము సంబంధము కన్పడలేదు. ఆస్పిరినువలన గలిగిన మేలుకూడ పైవరుసవారికే హెచ్చుగా నుండెను. కొలెస్టరాలు లెక్కను దీసివేసినను ఈ భేదము పోలేదు. కాలకముందే పొగ యున్నదని ఇట్లు ఋజువయ్యెను. స్త్రీలయందును ఇట్లే యున్నదని 2000వ సంవత్సరమున వేఱొక పరిశీలన తెలిపెను.

ఇచట మనము తొందరపడి తీర్పు చెప్పరాదు. మన తార్కికులు కొండపై పొగను జూచి నిప్పు నూహింతురు. పొగ లింగము, నిప్పు సాధ్యము. పొగ నిప్పును దెలుపునేకాని నిప్పును బుట్టింపదు. సీ-రియాక్టివ్ ప్రోటీను కూడ పొగయా, నిప్పా? దీనిని దేల్చుటకు పండితు లొక చమత్కారమైన యుపాయము పన్నిరి. పుట్టుకతోనే, వంశానుగతమైన బీజభేదములచేత, కొందఱి రక్తములో నీ పదార్థము కొంచెము హెచ్చుగానుండును. అదియే హంతకమైనచో అట్టివారికి గుండెజబ్బు హెచ్చుగా రావలెను. 2009, 2011 సంవత్సరములలో వేలకొలది జనులను బరీక్షింపగా అట్లు రాలేదు. కావున నది సాక్షియేకాని దోషి కాదు. మఱి ఇంటర్‌ల్యూకిను-6 వార్తను పుట్టుకతోనే మందముగా నందుకొనువారికి గుండెజబ్బు తక్కువయని 2012లో దేలెను. అనగా నిప్పు ఇంకను పైన, ఆ సందేశములు పుట్టుచోట నున్నదని యర్థము.

నిప్పు నార్పినచో మేలు కలుగునా? ఇది కడపటి పరీక్ష. కొలెస్టరాలును దగ్గించు స్టాటిను మందులు శోథనుగూడ దగ్గించును. కొలెస్టరాలు హెచ్చుగాలేక సీ-రియాక్టివ్ ప్రోటీను మాత్రము హెచ్చుగానున్న 17,802 మందిపై జరిపిన పరీక్షలో, అట్టి మందొకటి గుండెపోటు మొదలగు నాపదలను నూటికి 44 వంతులు దగ్గించెనని 2008లో ప్రకటించిరి. కాని ఆ మందు రెండుపనులను జేయునది. మేలు దేనివలన గలిగెనో చెప్ప వీలులేకపోయెను. 2017లో వెలువడిన పరీక్షలో, గుండెపోటు వచ్చి బ్రతికిన 10,061 మందిలో గొందఱికి కొలెస్టరాలును ముట్టక శోథను మాత్రమే యణచు సూదిమందు నిచ్చిరి. ఆపదలు నూటికి సుమారు 15 వంతులు దగ్గెను. విర్కో చెప్పిన 160 ఏండ్లకు ఆయన మాటకు ఋజువు దొరకెను. అయితే ఆ మందు పుచ్చుకొన్నవారిలో సూక్ష్మజీవుల రోగములచేత మరణించినవారు హెచ్చిరి. దొంగలకొఱకు సైన్యమును తొలగించినచో శత్రువు కోటలో బ్రవేశింపడా?

తెలుగువారు వినవలసిన సంగతి యొకటి గలదు. భీమవరమున 1895లో జన్మించి, అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు అధ్యక్షుడై 1948లో దివంగతుడైన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున మెథోట్రెక్సేటు అను మందు వెలువడెను. అది మొదట రక్తపుపుట్టకురుపునకు, పిదప కీళ్ళవాతమునకు వాడుకలోనికి వచ్చెను. కీళ్ళలో శోథ నణచునది ధమనులలోను అణచునేమో యని 4,786 మందిపై బరీక్షించిరి. లాభము లేకపోయెనని 2018లో దేలెను. ఎంత గొప్పమందైనను ప్రతి నిప్పును నార్పదు. పిమ్మట కొల్చిసిను అను బహుపురాతనమైన యౌషధమును జిన్నమోతాదులో నిచ్చి చూచిరి. 2019, 2020 సంవత్సరముల పరీక్షలలో మేలు కన్పడెను. 2024లో వెలువడిన పెద్దపరీక్షలో కన్పడలేదు. మన కంచెలపై బ్రాకు అడవినాభిదుంపలో నీ కొల్చిసినే యున్నది. కాని అది ప్రాణాంతకమైన విషము. ఈ మాట విని దుంప త్రవ్వి నూఱువారు గుండెజబ్బు వచ్చువఱకు బ్రతుకరని హెచ్చరించుచున్నాను.

ఇక మన కేమి కర్తవ్యము? 2003లో అమెరికా వైద్యసంఘములు నిర్ణయించిన ప్రమాణము ప్రకారము, సీ-రియాక్టివ్ ప్రోటీను లీటరునకు 1 మిల్లీగ్రాముకంటె తక్కువయైన అపాయము స్వల్పము. 1 మొదలు 3 వఱకు మధ్యమము. 3కు మించిన నధికము. 10కి మించినచో అది గుండె మాట కాకపోవచ్చును. జలుబు, పుండు, చీముపట్టిన పన్ను, కీళ్ళవాతము దేనివలననైన పెరుగును. అప్పుడు రోగము తగ్గిన పిదప మరల బరీక్షింపవలెను. ఒక్కసారి వచ్చిన యంకెను జూచి భయపడుటయు, తక్కువ వచ్చినదని చుట్ట మానకుండుటయు రెండును దప్పే. న్యాయస్థానమున నొక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరు. రక్తపుపోటు, మధుమేహము, కొలెస్టరాలు, పొగాకు, తండ్రికిగాని యన్నదమ్ములకుగాని చిన్నవయస్సున వచ్చిన గుండెపోటు, వీని సాక్ష్యములతో గలిపియే దీని సాక్ష్యమును వైద్యుడు విలువకట్టును.

ఈ నిప్పును రాజవేయునవి మన చేతిలోనే చాలవఱ కున్నవి. చుట్టయు బీడీయు శోథను బెంచును. నడుముచుట్టు బేరుకొనిన క్రొవ్వు తానే ఇంటర్‌ల్యూకిను-6ను విడుచుచుండును. పండ్లచిగుళ్ళు చెడి చీముపట్టుటయు మంచిది కాదు. పొగాకు మానుట, దినదినమును నడచుట, బరువు తగ్గుట, ఇవి పొగను గాక నిప్పునే తగ్గించును. ఆస్పిరిను మంచిదని పైన వింటిరిగదా యని ఎవరికివారే దినము మ్రింగవలదు. ముఖ్యముగా 70 ఏండ్లు దాటిన యారోగ్యవంతులకు దానివలన గుండెకు గలుగు మేలు కన్పడక, లోపల రక్తస్రావము హెచ్చెనని 2018లో ప్రకటించిన పరీక్షలో దేలినది. గుండెపోటు ఒకసారి వచ్చి వైద్యుడు వ్రాసి యిచ్చినవారు మాత్రము దానిని తమంతట మానరాదు.

చివర నొకమాట. ఱొమ్ము బిగిసినట్లై, నొప్పి యెడమచేతికో దవడకో ప్రాకి, చెమటలు పట్టినచో, అది వాయువని యనుకొని తెల్లవాఱువఱకు వేచియుండవలదు. ఆ క్షణమున నే రక్తపరీక్షకొఱకును జూడక బండి కట్టించుకొనియైన వైద్యశాలకు బోవలెను. హంటరు మహాశయునికి తన దేహములోని సంగతి చెప్పగల సాధనము నాడు లేదు. మనకు కొంత గలదు. దానిని వినయముతో వాడుకొనుట మీ కుటుంబములకు మీరు చేయదగిన యుపకారము.